మందుకు దారి

2021 మే నెల ఎవరు మరిచిపోగలరు? కరోనా రెండో దఫా విరుచుకుపడిన నెల. ఆస్పత్రిలో మంచం దొరకదు. ఆక్సిజన్ సిలిండరు దొరకదు. ఆ నెలలో మన నెల్లూరు తీరంలో ఒక ఊరి పేరు దేశమంతా మారుమోగింది. ముత్తుకూరు మండలం, కృష్ణపట్నం. అంతకు ముందు ఓడరేవు వల్ల తెలిసిన ఊరు. ఆ నెలలో మాత్రం బొణిగి ఆనందయ్య గారి మందు వల్ల తెలిసింది. పెద్ద పెద్ద పాత్రల్లో మూలికలు వండి, డబ్బు తీసుకోకుండా పంచారు. జనం బారులు తీరారు. రోగులను అంబులెన్సుల్లో కూడా తీసుకొచ్చారు. మే 21న జనం తాకిడి ఎవరి అదుపులోనూ లేకుండా పోయింది. పంపిణీ ఆపేశారు. మందును పరీక్షలకు పంపారు.

నెలాఖరున, మే 31న, రాష్ట్ర ప్రభుత్వం తన నిర్ణయం చెప్పింది. ఆ నిర్ణయం చాలామందికి ఇప్పుడు గుర్తు లేదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను, కాస్త మనసుపెట్టి వినండి. ఆనందయ్య గారి దగ్గర ఒక్క మందు కాదు, కొన్ని రకాలున్నాయి. పి, ఎల్, ఎఫ్ అని పేర్లు. అవి నోటితో తీసుకునేవి. వాటికి అనుమతి ఇచ్చారు. కంటి చుక్కలకు అనుమతి ఇవ్వలేదు.

అదే ఊరు. అదే చెయ్యి. నోట్లో వేసుకునేదానికి సరే అన్నారు, కంట్లో వేసుకునేదానికి వద్దన్నారు. ఎందుకని?

దానికి జవాబు చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను. మందు అంటే మనం ఏం అడుగుతాం? 'ఏం మందు?' అని అడుగుతాం. 'ఎంత ఖరీదు?' అని అడుగుతాం. ఏ దారిన ఒంట్లోకి పోతుందని మాత్రం అడగం. నోటి దారా, కంటి దారా, సూది దారా, చర్మం దారా, ఊపిరి దారా? దారి మారితే అదే మందు వేరే మందైపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. దారి మారితే మందు మారుతుంది.

ముందు నోరు, కన్ను తీసుకుందాం. మనం నోట్లో వేసుకునే అన్నంలో, నీళ్ళలో ఎంతో కొంత సూక్ష్మజీవులు ఉంటూనే ఉంటాయి. పొట్టలో ఆమ్లం ఉంది. పేగుల్లో కాపలా ఉంది. ఆ తర్వాత కాలేయం ఉంది. నోటి దారిన వచ్చిన సరుకును ఇన్ని చోట్ల తనిఖీ చేసి గానీ ఒళ్ళు లోపలికి పోనివ్వదు. కంటికి ఇంత కాపలా లేదు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. అర మిల్లీమీటరు పైచిలుకు మందం, అంతే. దానికి పుండు పడి మానితే మచ్చ మిగులుతుంది. మచ్చ పడిన చోట చూపు మసకే. అందుకే కంట్లో వేసే ప్రతి చుక్కా ఒక్క క్రిమి కూడా లేకుండా తయారు కావాలి. కృష్ణపట్నం చుక్కల్లో తేనె ఉందని అప్పట్లో పత్రికలు రాశాయి. తేనె మంచిదే. పెద్దవాళ్ళు తినొచ్చు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం నోట్లో కూడా పెట్టకూడదు. ఇక కంట్లో వేయాలంటే, అది క్రిములు లేనిదని ఎవరో ఒకరు పరీక్ష చేసి చూపించాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. నోటి మందుకు అనుమతి ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఏమందంటే, దీనివల్ల హాని లేదని నివేదిక వచ్చింది, కానీ కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదు, డాక్టర్లు ఇచ్చిన మందులు మానకండి అంది. హాని లేదనడం వేరు, పని చేస్తుందనడం వేరు. ఆ వేడిలో రుజువు లేదన్న మాట సరిగా జనం చెవిన పడలేదు. ఆ నెల క్యూలో నిలబడ్డ వాళ్ళను నేను తప్పుపట్టను. ఇంట్లో మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఎవరైనా ఏ దిక్కుకైనా పరుగెత్తుతారు.

కంటి చుక్కల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి. చుక్క వేసుకున్నాక గొంతులో చేదు తగిలిందా మీకెప్పుడైనా? కంటి లోపలి మూలలో, ముక్కు పక్కన, సన్నటి రంధ్రం ఉంటుంది. కన్నీళ్ళు అటే ముక్కులోకి పోతాయి. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. కంటి మందు కూడా ఆ దారినే ముక్కులోకి, గొంతులోకి, అక్కడినుంచి రక్తంలోకి పోతుంది. నీటికాసులు ఉన్నవాళ్ళకు టిమోలోల్ అనే చుక్కలు రాస్తారు. మంచి మందు. కానీ ఉబ్బసం ఉన్న మనిషి కంట్లో అది పడితే ఆయాసం రావచ్చు. వేసింది కంట్లో, పట్టేసింది ఊపిరిని! కంటి డాక్టరు 'మీకు ఆయాసం ఉందా?' అని అడిగితే, కంటికీ ఆయాసానికీ ఏంటి సంబంధం అనుకోకండి. ఉందంటే ఉందని చెప్పండి.

చుక్క వేసే పద్ధతి కూడా చెబుతాను. చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చండి. కింది రెప్పను వేలితో కిందికి లాగితే చిన్న సంచిలాగా తెరుచుకుంటుంది. అందులో ఒక్క చుక్క. ఒక్కటి చాలు, రెండోది చెంపమీదికి కారిపోతుంది. సీసా మూతి రెప్పకు తగలకూడదు. కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం నొక్కి పట్టండి. అప్పుడు మందు గొంతులోకి జారదు, కంట్లోనే ఉంటుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. మూత తీసిన సీసాను సాధారణంగా నెల దాటాక వాడకూడదు. పోయిన ఏడాది పెద్దాయనకు కన్ను ఎర్రబడ్డప్పుడు తెచ్చిన సీసాను ఈ ఏడాది మనవడికి వెయ్యకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే, డాక్టరు చూడకుండా నెలల తరబడి వేసుకుంటే, కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు.

ఇప్పుడు సూది దారి. మన పల్లెల్లో అందరికీ ఇష్టమైన దారి. 'అబ్బయ్యా, ఒక సూదేసి పంపీ, రేపు నాట్లకు పోవాలా' అంటుంది పెద్దావిడ. ఆరెంపీ డాక్టరు వెయ్యకపోతే పక్క ఊరికి పోతుంది. సూది వేసినవాడే డాక్టరు, బిళ్ళ ఇచ్చినవాడు చేతగానివాడు! ఈ నమ్మకం మనలో ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు. కూలి పోతుందన్న భయం దాని వెనక ఉందనీ తెలుసు. అందుకే నిదానంగా చెబుతున్నాను. జ్వరానికి పారాసిటమాల్ బిళ్ళ వేసుకున్నా, పారాసిటమాల్ సూది వేసుకున్నా లోపల పని చేసేది ఒకటే. సూది కాస్త ముందు పని మొదలుపెడుతుంది, అంతే. బిళ్ళ మింగగలిగిన మనిషికి ఆ కాస్త తొందర కోసం ప్రమాదం కొనుక్కోవడం ఎందుకు? పిర్రలో సూది తప్పుచోట దిగితే పెద్ద నరానికి తగిలి పాదం వాలిపోయిన వాళ్ళున్నారు. మందు పడకపోతే, నోటి దారిన వచ్చేదానికంటే సూది దారిన వచ్చే ప్రమాదం వేగంగా వస్తుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కాలేయాన్ని తినేసే కామెర్ల వైరస్ ఒకరి నుంచి ఒకరికి పోతుంది.

సూది వద్దే వద్దని అనడం లేదు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ ఉంది. మింగితే పొట్టలోనే అరిగిపోతుంది, కాబట్టి సాధారణంగా సూదే దారి. పాముకాటు మందు ఉంది. అది రక్తనాళంలోకే ఎక్కించాలి, అదీ ఆస్పత్రిలోనే. మన చేపల వేటగాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన దేశంలో దొరికే పాముకాటు మందు నేలమీద తిరిగే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికి తయారైంది. వలలో పడే సముద్రపు పాముకు అది పనికిరాదు. వల విదిలించేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకోకండి. కరిస్తే ఆలస్యం చేయకుండా ఊపిరికి సాయం చేసే యంత్రం ఉన్న పెద్దాస్పత్రికి పోవాల్సిందే.

సూదికి అన్న 'బాటిల్'. 'ఒక బాటిల్ ఎక్కించుకుంటే బలం వస్తుంది' అనే మాట మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. ఆ సీసాలో ఏముందో చెబుతాను. అర లీటరు గ్లూకోజు బాటిల్‌లో ఉండేది పాతిక గ్రాముల చక్కెర. ఐదారు చెంచాలు. అర లీటరు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. బలం అని మనం డబ్బులిచ్చి ఎక్కించుకునేది ఇదీ. తాగలేని మనిషికి, స్పృహ లేని మనిషికి, విరేచనాలతో కళ్ళు లోపలికి పోయిన మనిషికి అది ప్రాణం నిలబెడుతుంది. నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక గ్లాసు మజ్జిగ, రెండు ఇడ్లీలు అంతకంటే ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక్కడ ఒక మహానుభావుడిని తలచుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బనగావ్ దగ్గర శరణార్థుల శిబిరాలు. కలరా. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అక్కడ పని చేస్తున్నారు. సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి. మనుషులు నేలమీద పడి పోతున్నారు. ఆయన ఒక నిర్ణయం తీసుకున్నారు. ఉప్పు, గ్లూకోజు, కొంచెం సోడా ఉప్పు నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల బంధువుల చేతికి కప్పులిచ్చి తాగించమన్నారు. సూది దారి మూసుకుపోతే నోటి దారి తెరిచారు. నూటికి ముప్పై మంది పోతున్న చోట నలుగురి కంటే తక్కువకు దిగింది. అదే ఈ రోజు మనం మెడికల్ షాపులో కొనుక్కునే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్. చక్కెర తోడుంటే పేగు ఉప్పును లోపలికి లాగుతుంది, ఉప్పు వెంట నీళ్ళు పోతాయి. అందుకే ఆ పాళ్ళు మారకూడదు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. కలిపింది ఆ రోజుకే. తెల్లారితే పారబోసి కొత్తది కలుపుకోండి. తుఫాను నీళ్ళు ఊళ్ళోకి వచ్చి విరేచనాలు మొదలైనప్పుడు మన ఇంట్లో ముందుగా ఉండాల్సిన మందు ఇది. దీనికి డాక్టరు చీటీ అక్కర్లేదు.

చీటీ అన్నాను కదా. ఏ మందుకు చీటీ కావాలి, ఏ మందుకు అక్కర్లేదు? మన దేశ చట్టం 1940 నాటిది, నిబంధనలు 1945వి. అందులో షెడ్యూల్ హెచ్ అని ఒక జాబితా ఉంది. ఆ మందులు డాక్టరు చీటీ చూపిస్తేనే అమ్మాలి. 2014 నుంచి హెచ్ వన్ అని ఇంకా గట్టి జాబితా వచ్చింది. పెద్ద యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, కొన్ని నిద్రమాత్రలు అందులో ఉన్నాయి. అవి అమ్మితే షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకంలో రాసి మూడేళ్ళు దాచాలి. అట్ట చదవడం రానివాళ్ళకు కూడా గుర్తు ఒకటుంది. మాత్రల అట్ట వెనక నిలువుగా ఎర్ర గీత. ఎర్ర గీత ఉంటే సొంతంగా కొని వేసుకోకూడదు. ఇంతే. ఎర్ర గీత కనిపిస్తే డాక్టరును అడగాలి.

ఈ ఎర్ర గీత విషయంలో మన తీరానికి ఉన్న అనుభవం ఇంకే ప్రాంతానికీ లేదని నా అభిప్రాయం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, ఎటు చూసినా రొయ్యల చెరువులే. రొయ్య పట్టే ముందు శాంపిల్ తీసి పరీక్షకు పంపుతారు. క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే ఎగుమతి ఆగిపోతుంది. యూరప్‌వాళ్ళు సరుకు తిప్పి పంపుతారు. చెరువులో ఆ మందు వాడకం మన దేశంలోనే నిషేధం. రైతుకు ఇదంతా కంఠతా వచ్చు. అదే రైతు తనకు పడిశం పట్టినప్పుడు షాపుకు వెళ్ళి 'రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు ఇవ్వబ్బా' అంటాడు. పడిశం వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. మనలో ఉన్న బాక్టీరియాకు మాత్రం ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది. రొయ్య ఒంట్లో కూడదన్న మందును మన బిడ్డ ఒంట్లో ఊరికే పోయడం ఏం న్యాయం?

దారి మాట ఇక్కడ కూడా పనికొస్తుంది. ఆ క్లోరాంఫెనికాల్ ఉంది చూశారూ, అదే మందు కంటికి పెట్టే చిన్న గొట్టాల ఆయింట్‌మెంటుగా మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి తెలుసు. డాక్టరు చెబితే కంటికి పెట్టుకుంటాం. మింగితే మాత్రం అరుదుగా కొందరికి ఎముక మజ్జలో రక్తం తయారవడమే ఆగిపోతుంది. ఎవరికి అలా అవుతుందో ముందు తెలియదు. అందుకే తిండిలోకి రాకూడదని ప్రపంచమంతా పట్టుబట్టింది.

చెరువు గట్ల మీద తడిబట్టలతో పని చేసేవాళ్ళకు గజ్జల్లో తామర వస్తుంది. గొట్టం మందు కొనుక్కుంటారు. రాయగానే దురద ఆగుతుంది. ఎందుకంటే అందులో స్టెరాయిడ్ ఉంటుంది. దురద ఆగుతుంది గానీ తామర లోపల పాకుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు పద్నాలుగింటిని కూడా చీటీ జాబితాలోకి తెచ్చారు. పైపూతే కదా అని తేలిగ్గా తీసుకోకండి. చర్మం కూడా ఒక దారే.

ఇక ఊపిరి దారి. మృగశిర కార్తె వస్తే బత్తిని వారి చేపమందు కోసం దూరాల నుంచి ఉబ్బసం వాళ్ళు హైదరాబాదు పోతారు. కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. చేప పొట్టలోకి పోతుంది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది. ఇన్‌హేలర్ అంటే మాత్రం మనవాళ్ళకు భయం. 'అది అలవాటైపోతుందంట, ఆఖర్లో ఇస్తారంట' అంటారు. అలాంటిదేమీ లేదు. సాల్‌బుటమాల్ బిళ్ళ ఒకటి మింగితే నాలుగు మిల్లీగ్రాములు. గుండె దడ, చేతుల వణుకు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక్క పీల్పుకు ఆ బిళ్ళలో నలభయ్యో వంతు. సరిగ్గా జబ్బు ఉన్న చోటికి పోతుంది కాబట్టి అంత తక్కువ చాలు. కాకపోతే పీల్చడం చేతకావాలి. డబ్బాను ఊపండి. ఊపిరి బయటికి వదిలేయండి. పెదాలు బిగించి, నిదానంగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కండి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

చివరికి నోటి దారికే వద్దాం. అన్నిటికంటే భద్రమైన దారి అది. అక్కడ కూడా ఒక పొరపాటు ఇంటింటా జరుగుతోంది. పసిబిడ్డకు జ్వరం. పారాసిటమాల్ రెండు రకాలుగా దొరుకుతుంది. చుక్కల మందు, సిరప్. పేరు ఒకటే, చాలాసార్లు రంగు కూడా ఒకటే. చుక్కల మందు చాలా చిక్కన. ఒక్క మిల్లీలీటరులో నూరు మిల్లీగ్రాముల మందు. మామూలు సిరప్‌లో అంతే మందు రావాలంటే దాదాపు నాలుగు మిల్లీలీటర్లు పొయ్యాలి. పది కిలోల బిడ్డకు సిరప్ ఆరు మిల్లీలీటర్లు పొయ్యమని డాక్టరు చెప్పారనుకోండి. ఇంట్లో అమ్మమ్మ చుక్కల సీసా తీసి ఆరు మిల్లీలీటర్లు పోసిందనుకోండి. బిడ్డకు పడాల్సినదానికి నాలుగు రెట్లు పడింది. అమ్మమ్మ ప్రేమలో లోపం లేదు. సీసా తేడా ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఆ సీసాతో వచ్చిన కొలత మూతతోనే, ఆ సీసాతో వచ్చిన డ్రాపరుతోనే పొయ్యండి. వంటింటి చెంచా వద్దు. ఒకదాని డ్రాపరు ఇంకోదానికి వద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకు జలుబు, దగ్గు సిరప్‌లు డాక్టరు చెప్పకుండా పొయ్యనే వద్దు.

పెద్దవాళ్ళకు కూడా ఒక మాట. ఆరు వందల యాభై జ్వరం బిళ్ళ వేసుకుని, మళ్ళీ జలుబు బిళ్ళ అని ఇంకోటి వేసుకుంటారు. ఆ జలుబు బిళ్ళలో కూడా పారాసిటమాలే ఉంటుంది చాలాసార్లు. రోజు మొత్తానికి నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి దెబ్బ. మద్యం అలవాటున్న వాళ్ళకు ఇంకా ముందే.

మెడికల్ షాపులో నాలుగు బిళ్ళలు అడిగితే అట్టలో నుంచి కత్తిరించి ఇస్తారు కదా. గడువు తేదీ ఒక మూలనే ఉంటుంది, చాలాసార్లు మందు పేరు కూడా అక్కడే. ఆ మూల మన చేతికి వచ్చేటట్టు కత్తిరించమని అడగండి. రాకపోతే కాగితం మీద పేరు రాయించుకోండి. ఎన్ని రోజులు, తిండికి ముందా తర్వాతా అన్నది కూడా అక్కడే రాయించండి. ఆ కాగితం పారేయకుండా బిళ్ళలతోపాటే ఉంచండి. రాత్రివేళ ఒంటిమీద దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా, ఆస్పత్రికి పోయేటప్పుడు ముందు దాన్ని తీసి జేబులో పెట్టుకోండి. 'ఏం మందు వేసుకున్నారు?' అని డాక్టరు అడిగినప్పుడు 'తెల్ల బిళ్ళ' అని చెబితే ఆయన ఏమీ చేయలేరు. ఆ కాగితం చూపిస్తే వెంటనే వైద్యం మొదలుపెడతారు.